కొలతపట్టీకి అందని ఫార్వర్డ్



1975 వసంతకాలం. అమెరికాలో ఇండియానా రాష్ట్రం, ఫ్రెంచ్ లిక్ అనే చిన్న ఊరు. బిల్ హాడ్జెస్ అనే అసిస్టెంట్ కోచ్ ఒక కుర్రాణ్ణి వెతుక్కుంటూ ఆ ఊరొచ్చాడు. టెర్రె హోట్ పట్నంలో ఇండియానా స్టేట్ యూనివర్సిటీ అని ఉంది. పెద్దగా పేరున్న కాలేజీ కాదు. అక్కణ్ణుంచి వచ్చాడు ఈయన. కుర్రాడి తల్లి గుమ్మంలోనే నిలబెట్టి, మా వాడి జోలికి రాకండి అని పంపించేసింది. ఇంకొకరైతే కారెక్కి వెళ్లిపోయేవారే. హాడ్జెస్ మాత్రం ఊళ్లోనే తచ్చాడాడు. బట్టలుతికించుకునే దుకాణంలోంచి అమ్మమ్మతో కలిసి బయటికొస్తున్న ఓ పొడుగాటి కుర్రాడు కంటపడ్డాడు. దగ్గరికెళ్లి మాట కలిపాడు.

ఆ కుర్రాడు లారీ బర్డ్. తర్వాతి కాలంలో బోస్టన్ సెల్టిక్స్ జట్టుకు 3 ఎన్‌బీఏ టైటిళ్లు తెచ్చిపెట్టినవాడు. బాస్కెట్‌బాల్‌లో ఫార్వర్డ్ అనగానే ఇవాళ్టికీ మొదట చెప్పుకునే నాలుగైదు పేర్లలో ఒకటి. కానీ ఆ రోజుకి అతను ఊరి వీధుల శాఖలో కూలిపని చేసుకుంటున్నాడు. చెత్త బండి మీద వెళ్లేవాడు, గడ్డి కోసేవాడు, రోడ్ల పని చేసేవాడు. ఆ ఫిబ్రవరిలోనే తండ్రి పోయాడు.

మరి ఇలాంటివాణ్ణి అంతకుముందు ఎవరూ చూడలేదా అంటే, చూశారు. హైస్కూల్ చివరి సంవత్సరంలో మ్యాచ్‌కి సగటున 30 పాయింట్లు, 20 రీబౌండ్లు, అంటే రింగ్ తప్పి వెనక్కొచ్చిన బంతులు, తీసినవాణ్ణి చూడకుండా ఎలా ఉంటారు? కొందరు చూసి, కాళ్లలో వేగం లేదు, పైకి లేవలేడు అని పెదవి విరిచారు. కొందరు సరిగ్గానే అంచనా వేశారు. అలా వేసినవాళ్లలో అందరికంటే పేరున్నవాడు బాబ్ నైట్. బ్లూమింగ్టన్‌లోని ఇండియానా యూనివర్సిటీ కోచ్. 1974లో బర్డ్‌ను తన కాలేజీకి రప్పించుకున్నాడు. 1976లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జాతీయ ఛాంపియన్ అయిన జట్టు ఆయనది. ఆట చూసే కన్ను లేదని ఆయన్ని ఎవరూ అనలేరు.

అయినా లారీ బర్డ్ ఆ కాలేజీలో ఉన్నది 24 రోజులే. క్లాసులు మొదలయ్యీ కాకముందే సంచి భుజాన వేసుకుని, రోడ్డు మీద వచ్చేపోయే బండ్లను లిఫ్ట్ అడుగుతూ ఇంటికి చేరాడు. కారణం ఆట కాదు. ఆ యూనివర్సిటీలో 30 వేల పైచిలుకు విద్యార్థులున్నారు. ఇతని ఊరి జనాభా మొత్తం కలిపినా అక్కడ ఒక మూలకు చాలదు. చేతిలో డబ్బు లేదు, వేసుకోవడానికి నాలుగు జతల బట్టలు లేవు. కోర్టులోకి దిగకముందే ఊపిరాడని పరిస్థితి.

నేను ఇవాళ చెప్పదలచుకున్న విషయం ఇక్కడే ఉంది. హైస్కూల్ కుర్రాణ్ణి కాలేజీ కోసం ఎంపిక చేసేటప్పుడు స్కౌట్ రెండు విషయాలు తేల్చుకోవాలి. వాడు ఏం ఆడగలడు అన్నది ఒకటి, ఎక్కడ ఆడగలడు అన్నది రెండోది. నైట్ మొదటిది సరిగ్గా తేల్చుకున్నాడు, రెండోదాని గురించి ఆలోచించలేదు. హాడ్జెస్ రెండూ చూశాడు. చిన్న ఊరి పిల్లవాడికి చిన్న కాలేజీ చూపించాడు. ఆ రోజుల్లో కాలేజీ మారితే ఏడాదిపాటు ఆడనిచ్చేవారు కాదు గనక బర్డ్ ఒక సీజను ఊరికే కూర్చున్నాడు. తర్వాత మూడేళ్లు ఆడాడు. 1979లో ఆ ఇండియానా స్టేట్ జట్టు వరసగా 33 మ్యాచ్‌లు గెలిచి ఫైనల్‌కు వెళ్లింది. అప్పటికి ప్రధాన కోచ్ బాబ్ కింగ్ తప్పుకోవడంతో ఆ స్థానంలో ఉన్నది ఎవరనుకున్నారు? ఈ హాడ్జెసే. ఫైనల్లో మ్యాజిక్ జాన్సన్ ఉన్న మిషిగన్ స్టేట్ చేతిలో 75–64తో ఓడిపోయారు. అమెరికా టీవీలో కాలేజీ బాస్కెట్‌బాల్‌కు ఆ మ్యాచ్‌కి వచ్చినంత రేటింగ్ మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఆటలోకి వద్దాం. జట్టుకి ఐదుగురు. బంతిని ముందుకు తెచ్చి ఆట నడిపేవాళ్లు గార్డులు, ఇద్దరు. రింగ్ కింద నిలబడే భారీ మనిషి సెంటర్. మిగతా ఇద్దరూ ఫార్వర్డ్‌లు. వీళ్లలో కాస్త పొట్టివాడు, చురుకైనవాడు స్మాల్ ఫార్వర్డ్, దిట్టంగా ఉండి రీబౌండ్లకి తోసుకెళ్లేవాడు పవర్ ఫార్వర్డ్. చెప్పడానికి ఇంత సులువుగా ఉన్న ఈ స్థానమే స్కౌట్‌లకు అన్నిటికంటే పెద్ద తలనొప్పి. ఎందుకో చెబుతాను.

ఒక బడిలో 6 అడుగుల 6 అంగుళాల కుర్రాడు ఉన్నాడనుకోండి. ఆ బడిలో అంతకంటే పొడుగువాడు ఉండడు. కోచ్ ఏం చేస్తాడు? తీసుకెళ్లి రింగ్ కింద నిలబెడతాడు. అక్కణ్ణుంచి వీపు రింగ్‌కి పెట్టి బంతి అందుకోవడం, తిరగడం, తనకంటే అర అడుగు పొట్టివాళ్ల నెత్తి మీదుగా వేసేయడం. నాలుగేళ్లు అదే పని. స్కోరు పుస్తకంలో 25 పాయింట్లు, 15 రీబౌండ్లు కనిపిస్తూ ఉంటాయి. అదే కుర్రాడు కాలేజీకి వెళ్తే, ఆ రింగ్ కింద చోటు 6 అడుగుల 10 అంగుళాల వాడిది. మనవాడు బయటికి రావాలి. రింగ్‌కి ఎదురుగా నిలబడాలి, డ్రిబ్లింగ్ చేస్తూ లోపలికి దూసుకెళ్లాలి, దూరం నుంచి వెయ్యాలి, తనకంటే వేగంగా పరిగెత్తే గార్డుల్ని ఆపాలి. అంటే ఇన్నాళ్లూ చేసిన పని అక్కడ పనికిరాదు, అక్కడ కావలసిన పని వాడు ఇన్నాళ్లూ చెయ్యలేదు. కుర్రాడు ఇంతవరకూ చెయ్యని పనిని ఎలా చేస్తాడో, గ్యాలరీలో కూర్చుని స్కౌట్ ఊహించాలి.

దీనికి తోడు కోర్టు కూడా మారుతుంది. హైస్కూల్ కోర్టు పొడవు 84 అడుగులు, కాలేజీది 94. హైస్కూల్లో మూడు పాయింట్ల గీత రింగ్‌కి 19 అడుగుల 9 అంగుళాల దూరం, కాలేజీలో 22 అడుగుల పైచిలుకు. మ్యాచ్ 32 నిమిషాల నుంచి 40 నిమిషాలవుతుంది. కాలేజీలో 30 సెకన్లలోపు షాట్ వేసి తీరాలి. హైస్కూల్లో చాలా రాష్ట్రాల్లో ఆ గడియారమే లేకుండా ఏళ్ల తరబడి ఆడారు. గట్టి జట్టుతో ఆడేటప్పుడు బంతిని నిమిషాలకు నిమిషాలు అటూ ఇటూ తిప్పుతూ కాలక్షేపం చేసిన సందర్భాలున్నాయి. అలాంటి మ్యాచ్ చూసి కుర్రాడి దమ్ము ఏం తేలుతుంది?

అందుకే అనుభవమున్న స్కౌట్ స్కోరు బోర్డు కేసి పెద్దగా చూడడు. మ్యాచ్‌కి ముందు వార్మప్‌కే వచ్చి కూర్చుంటాడు. ఎవరూ అడ్డం లేనప్పుడు ఆ కుర్రాడి చెయ్యి ప్రతిసారీ ఒకేలా కదులుతోందా అని చూస్తాడు. దూరం నుంచి వేసే షాట్ రేపు కుదురుతుందా లేదా అన్నది తెలుసుకోవాలంటే, మ్యాచ్‌లో వేసిన రెండు మూడు షాట్ల కంటే ఫ్రీ త్రోలు ఎక్కువ చెబుతాయి. రింగ్ కింద నిలబెట్టిన పిల్లవాడు ఫ్రీ త్రోల్లో నూటికి 80 వేస్తున్నాడంటే, వాణ్ణి గీత బయటికి తీసుకురావచ్చని ధైర్యం. 50 దగ్గరే ఆగిపోతే ఆలోచించుకోవాలి. తర్వాత చేతులు. మోకాళ్ల దగ్గరికి వచ్చిన చెడ్డ పాస్‌ను పట్టుకోగలడా? ఆ తర్వాత పాదాలు. గార్డుకి ఎదురుపడినప్పుడు తుంటి తిప్పి పక్కకు జరుగుతాడా, నిలబడిపోయి చేత్తో అడ్డుకుని ఫౌల్ చేస్తాడా? రీబౌండ్‌కి మొదటి గెంతు అందరూ గెంతుతారు. బంతి చేజారి, కాళ్లు నేలకి ఆనీ ఆనకముందే రెండోసారి గెంతేవాడు వేరు. ఎగిరి డంక్ చేసినప్పుడు జనం కేకలు పెడతారు గాని, నాకైతే ఆ రెండో గెంతు కనబడినప్పుడే ఒళ్లు పులకరిస్తుంది.

బంతి చేతికి రాకముందు కళ్లెటు చూస్తున్నాయన్నది వీటన్నిటికంటే ముఖ్యం. లారీ బర్డ్‌కు వేగం లేదన్నారే, నిజమే, లేదు. కానీ పాస్ తన చేతికి చేరేసరికే ఎవరు ఎక్కడ ఖాళీగా ఉన్నారో అతనికి తెలిసిపోయి ఉండేది. పదో తరగతిలో చీలమండ విరిగినప్పుడు ఊతకర్ర పట్టుకుని నిలబడి పాస్‌లు సాధన చేసేవాడట. ఆ తర్వాత రెండేళ్లలో అంగుళాల కొద్దీ పెరిగాడు. పొట్టిగా ఉన్నప్పుడు నేర్చుకున్న గార్డు చూపు పొడుగైన ఒంట్లో మిగిలిపోయింది. ఏ స్టాప్‌వాచ్‌తో కొలుస్తారు దీన్ని?

కొలతల మాట వచ్చింది గనక ఒక సరదా సంగతి. పిల్లల ఎత్తుకి అంగుళమో రెండంగుళాలో కలిపి రాయడం అమెరికా హైస్కూళ్లలో మామూలు. షూ మడమ ఎత్తు కూడా మనవాడి ఎత్తే. దీనికి రివర్సులో నడిచినవాడు కెవిన్ డ్యురాంట్. చాలాకాలం తన ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలే అని రాయించుకున్నాడు, చూస్తే 7 అడుగులకు దగ్గరగా ఉంటాడు. నిజం చెబితే ఎక్కడ సెంటర్‌గా నిలబెడతారోనని, తాను స్మాల్ ఫార్వర్డ్‌ననీ ఆయన సరదాగా చెప్పుకున్నాడు. టెక్సాస్ యూనివర్సిటీలో ఒక్క ఏడాది ఆడి, 2007లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమానికి, ముందు కొలతల శిబిరానికి వెళ్లినప్పుడు 185 పౌండ్ల బరువును, అంటే 84 కిలోలను, బెంచ్ మీద పడుకుని ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు. నవ్వినవాళ్లు నవ్వారు. తర్వాత ఎన్‌బీఏలో నాలుగుసార్లు స్కోరింగ్‌లో మొదటి స్థానం ఆయనదే.

మన దగ్గర కూడా క్రీడా పాఠశాలలకు చిన్నపిల్లల్ని ఎంపిక చేసేటప్పుడు ఎత్తు, బరువు, పరుగు, గెంతు కొలుస్తారు. తప్పు లేదు. వేలమందిలోంచి ఏరాలంటే ఏదో ఒక జల్లెడ కావాలి. జల్లెడ దగ్గరే ఆగిపోతే వస్తుంది చిక్కు.

ఈ పనిని జీవితంగా చేసుకున్న ఒక మనిషి గురించి చెప్పకుండా ఉండలేను. పేరు టామ్ కాంచల్‌స్కీ. న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంవాడు. లెక్కల మాస్టారు. ఉద్యోగం మానేసి హైస్కూల్ పిల్లల ఆట చూడటమే పనిగా పెట్టుకున్నాడు. హోవర్డ్ గార్ఫింకెల్ 1960లలో మొదలుపెట్టిన స్కౌటింగ్ పత్రికను తర్వాత ఈయనే తీసుకుని నడిపాడు. కారు నడపడం రాదు. బస్సులూ రైళ్లూ ఎక్కి, తెలిసినవాళ్ల కారు దొరికితే అందులో ఎక్కి, జిమ్ములు తిరిగేవాడు. కంప్యూటర్ లేదు, సెల్‌ఫోన్ లేదు. పసుపు పచ్చ కాగితాల పుస్తకంలో రాసుకుని, ఇంటికొచ్చి టైప్‌రైటర్ మీద కొట్టి, కవర్లలో పెట్టి కాలేజీ కోచ్‌లకు పోస్టు చేసేవాడు. మామూలు అభిమానులకు అమ్మేవాడు కాదు. ఒక్కొక్క కుర్రాడి గురించి రెండు మూడు పొట్టి వాక్యాలు, ఒక అంకె, అంతే. పేరు మోసినవాణ్ణి ఎవరైనా పట్టగలరు. ఏ చిన్న కాలేజీ బెంచీ మీద ఎవరు సరిపోతారో చెప్పడంలో ఉంది ఈయన గొప్పతనం. 2021 ఫిబ్రవరిలో, 74 ఏళ్ల వయసులో చనిపోయినప్పుడు దేశమంతటా కోచ్‌లు ఆయన్ని తలుచుకున్నారు.

ఇప్పుడు ఆ చోట నక్షత్రాలొచ్చాయి. వెబ్‌సైట్లు పిల్లలకి మూడు నక్షత్రాలు, నాలుగు, ఐదు అని వేస్తాయి. పదిహేనేళ్ల పిల్లవాడికి ర్యాంకు ఇస్తాయి. ఇది అన్నిసార్లూ తప్పవుతుందనను. 2018లో దక్షిణ కరోలినాలో ఒక చిన్న ప్రైవేటు బడిలో చదివిన జయాన్ విలియమ్సన్ డంక్‌లు ఫోన్లలో కోట్లమంది చూశారు. చిన్న బడి పిల్లలమీద ఎగరడం గొప్పా, కాలేజీకి వెళ్లాక చూద్దాం అన్నవాళ్లూ ఉన్నారు. డ్యూక్ యూనివర్సిటీకి వెళ్లాడు, అక్కడా అలాగే ఎగిరాడు, మరుసటి ఏడాదే డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతనిది. కానీ ఇది సులువైన కేసు. డ్రేమండ్ గ్రీన్ సంగతి చూడండి. మిషిగన్‌లో సాగినా ఊరివాడు. 6 అడుగుల 6 అంగుళాలు, దిట్టమైన ఒళ్లు. పవర్ ఫార్వర్డ్‌కి పొట్టి, స్మాల్ ఫార్వర్డ్‌కి నెమ్మది అన్నారు. ఏ గూట్లోనూ పట్టనివాడని పక్కనపెట్టారు. మిషిగన్ స్టేట్‌లో నాలుగేళ్లూ పూర్తిగా ఆడాడు, అయినా 2012 డ్రాఫ్ట్‌లో 35వ పేరుగా గాని పిలుపు రాలేదు. 2017లో ఎన్‌బీఏ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు అతనే. గోల్డెన్ స్టేట్ జట్టు నాలుగు టైటిళ్ల వెనక ఉన్నవాళ్లలో ఒకడు. ఏ గూడూ సరిపోకపోవడమే అతని విలువ. అందరినీ ఆపగలడు గనక ఆ గూళ్లనే చెరిపేశాడు.

వేసవి వచ్చిందంటే ఈ వ్యవహారమంతా బడులు దాటి షూ కంపెనీల టోర్నమెంట్లకు మారుతుంది. నైకీ, అడిడాస్, అండర్ ఆర్మర్, ఎవరి సర్క్యూట్ వారిది. జులైలో దక్షిణ కరోలినాలోని నార్త్ ఆగస్టాలో పీచ్ జామ్ అనే పోటీ జరుగుతుంది. కోర్టు చుట్టూ దేశంలోని పేరున్న కోచ్‌లందరూ కాలేజీ గుర్తు పెద్దగా ఉన్న చొక్కాలు తొడుక్కుని కూర్చుంటారు. నిబంధనల ప్రకారం ఆ రోజుల్లో చూడొచ్చుగాని, కుర్రాడితో ఎదురుగా మాట్లాడకూడదు. అందుకని కనబడితే చాలు, నీకోసమే వచ్చాను అన్న సందేశం చేరిపోతుంది. ముందు వరసలో కూర్చుని ఆ కుర్రాడి ఆట కాగానే లేచి వెళ్లిపోవడం, అదొక భాష.

ఆ తర్వాత ఇంటికి రావడం. అచ్చం పెళ్లిచూపులే. కోచ్ సూటు వేసుకుని సోఫాలో కూర్చుంటాడు. తల్లి ఏవో వండి పెడుతుంది. చదువు గురించి ఆమె అడుగుతుంది, ఆడే నిమిషాల గురించి తండ్రి అడుగుతాడు, కుర్రాడు నేల చూపులు చూస్తాడు. లోపాలు ఇద్దరూ చెప్పుకోరు. మీవాడి స్థానంలో ఇంకో ఇద్దర్ని కూడా చూస్తున్నామని కోచ్ చెప్పడు. మావాడికి పోయినేడు మోకాలు నొప్పి చేసిందని వీళ్లు చెప్పరు.

కట్నం సంగతీ ఉండేది, చాటుగా. 2017 సెప్టెంబరులో ఎఫ్‌బీఐ పదిమందిని అరెస్టు చేసినప్పుడు అది వీధిన పడింది. అందులో నలుగురు పెద్ద కాలేజీల అసిస్టెంట్ కోచ్‌లు. సాగినాకే చెందిన మరో ఫార్వర్డ్‌ను లూయీవిల్ యూనివర్సిటీకి పంపడానికి అతని కుటుంబానికి లక్ష డాలర్లిచ్చేలా అడిడాస్ మనుషులు ఒప్పందం చేసుకున్నారని కోర్టులో తేలింది. తనకేమీ తెలియదన్న ఆ కుర్రాడు కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. లూయీవిల్‌లో పేరు మోసిన కోచ్ ఉద్యోగం పోయింది. నాలుగేళ్లు తిరక్కుండానే, 2021 జులై 1 నుంచి, కాలేజీ ఆటగాళ్లు తమ పేరుమీద డబ్బు సంపాదించుకోవడం సక్రమమైపోయింది. 2025 నుంచి కాలేజీలే నేరుగా ఇస్తున్నాయి. మొదటి ఏడాది పరిమితి ఒక్కొక్క కాలేజీకి, అన్ని ఆటలకూ కలిపి, సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. చాటున తీసుకున్నందుకు శిక్ష పడినవాళ్ల మొహాలు గుర్తొస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. డబ్బు బయటికి రావడమే మేలని మాత్రం నా నమ్మకం.

డబ్బుకంటే పెద్ద మార్పు ఇంకొకటుంది. ఇప్పుడు ఆటగాడు కాలేజీ మారితే బర్డ్‌లా ఏడాది కూర్చోనక్కర్లేదు. ప్రతి వసంతంలోనూ వందలమంది ఒక జాబితాలో పేరు రాయించుకుని వేరే చోటికి వెళ్లిపోతారు. కోచ్ కోణంలో చూడండి. ఫార్వర్డ్ కావాలి. పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి తెచ్చి, రింగ్ కింద నుంచి బయటికి లాగి, రెండేళ్లు నేర్పి, వాడు బాగుపడ్డాక ఇంకో కాలేజీ ఎక్కువ డబ్బిచ్చి ఎత్తుకుపోతే చూస్తూ కూర్చోవాలా? దానికంటే కాలేజీలో ఇప్పటికే మూడేళ్లు ఆడి చూపించిన 22 ఏళ్లవాణ్ణి తెచ్చుకుంటే సరి. అందుచేత ఐదు నక్షత్రాలవాడికి ఇబ్బంది లేదుగాని, మధ్యస్థంగా ఉన్న హైస్కూల్ ఫార్వర్డ్‌కు చోటు కుదించుకుపోయింది. నేర్చుకోవలసినది ఎక్కువ ఉన్నవాడికి ఓపిక తక్కువ ఉన్న కాలం ఇది.

టెక్సాస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఉన్న మన తెలుగు కుటుంబాల్లో కూడా కొందరు పిల్లలు ఈ వేసవి జట్లలో ఆడుతున్నారు. తల్లిదండ్రులు శనివారాలన్నీ జిమ్ముల్లో గడుపుతారు. వాళ్లకోసం నాలుగు మాటలు. ఇంటికొచ్చే ఉత్తరాలూ, శిబిరానికి రమ్మనే ఆహ్వానాలూ స్కాలర్‌షిప్ కావు. చాలావరకు అవి అందరికీ పంపేవే. ఆఫర్ ఇచ్చామని నోటితో అన్నా, ఇవాళ ఒప్పుకుంటాం అంటే ఇవాళ తీసుకుంటారా అని అడగండి. అప్పుడు తేలుతుంది. కాలేజీ ఆటల్లో మొదటి డివిజన్‌లో 360కి అటూ ఇటూగా కాలేజీలున్నాయి. అందులో హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వవు, కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం చేస్తాయి. మూడో డివిజన్‌లో ఆట స్కాలర్‌షిప్ అసలే లేదు. మొదటి డివిజన్‌లో ఆడాలంటే హైస్కూల్లో 16 ముఖ్యమైన సబ్జెక్టు కోర్సులు పూర్తిచేసి ఉండాలి, వాటిలో సగటు గ్రేడు 2.3 తగ్గకూడదు. ఈ లెక్క పదకొండో తరగతిలో గుర్తొస్తే ఆలస్యమైనట్టే.

ఇక కాలేజీ చూడటానికి కుర్రాడు వెళ్తాడు గదా. స్టేడియం చూపిస్తారు, చొక్కా తొడిగి ఫోటో తీస్తారు, మంచి భోజనం పెడతారు. అవన్నీ కానివ్వండి. వచ్చే ఏడాది నా స్థానంలో ఇంకెవరెవరు ఉంటారు అని కోచ్‌ని నేరుగా అడగాలి. తర్వాత ఆ జట్టులో నిమిషాలు పెద్దగా దక్కని మూడో ఫార్వర్డ్ ఎవరో కనుక్కుని, కోచ్ దగ్గర లేనప్పుడు, వాడి పక్కన కూర్చోవాలి. ప్రాక్టీసులో నీతో ఎవరు మాట్లాడతారు, నీకు ఏం నేర్పుతున్నారు అని అడగాలి. ఈ ఇద్దరి జవాబులూ ఒకదానితో ఒకటి కలిస్తే, ఆ సాయంత్రమే సంతకం గురించి ఇంట్లో మాట్లాడుకోవచ్చు. కలవకపోతే జాబితాలో రెండో కాలేజీకి ఫోన్ చెయ్యడమే.